టోల్ పెంపు మీద సభకు పోతే మన మాట వింటారా?

అడిగిన ప్రశ్న ఇది: జనగామ, హనుమకొండ మధ్య హైవే పక్క ఊరు. ఏప్రిల్‌లో టోల్ పెరిగింది. టోల్‌ప్లాజా మేనేజరు, హైవే అధికారి, ఊరి పెద్దలు కలిసి సమావేశం పెడుతున్నారు. పోతే మన మాట వింటారా, లేక హాజరు పట్టీలో సంతకం పెట్టించుకుని పంపిస్తారా?

పెంపు సంగతి వరకైతే వినరు. అక్కడ కూర్చున్నవాళ్లు చెడ్డవాళ్లని కాదు, వినే చెవి చట్టంలోనే పెట్టలేదు. కానీ అదే సభలో అడిగితే దొరికేవి వేరే ఉన్నాయి. వాటిని ఎవరూ అడగరు, ఎందుకంటే గంటసేపూ పెంపు మీదనే అరుచుకుంటారు.

ముందు పెంపు ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. జాతీయ రహదారుల ఫీజు నిబంధనలు 2008లో వచ్చాయి. 2007-08ని మూల సంవత్సరంగా తీసుకుని, నాలుగు వరుసల రోడ్డు మీద కారుకు కిలోమీటరుకు 65 పైసలు, మినీబస్సుకూ చిన్న సరుకు బండికీ 1 రూపాయి 5 పైసలు, బస్సుకూ లారీకీ 2 రూపాయల 20 పైసలు అని రాశారు. రెండు వరుసల రోడ్డయితే ఇందులో 60 శాతం. ఈ మూల రేటు మీద ఏటా ఏప్రిల్ 1న రెండు రకాల పెంపు పడుతుంది. మొదటిది 3 శాతం. ఇది చక్రవడ్డీ కాదు, బారువడ్డీ. అంటే కారుకు ఏటా కిలోమీటరుకు 1.95 పైసలు. 2025-26 నాటికి ఇలా 18 సార్లు కలిసి, 65 పైసలు దాదాపు రూపాయి అయింది. రెండోది టోకు ధరల సూచీ. 2007 జనవరి మొదటి వారం నుంచి నిరుటి డిసెంబర్ దాకా ఆ సూచీ ఎంత శాతం పెరిగిందో, అందులో 40 శాతం ఆ రూపాయి మీద కలుపుతారు. మొత్తం కలిపితే 2025-26లో కారుకు కిలోమీటరుకు సుమారు రూపాయిన్నర. దాన్ని ఆ ప్లాజాకు రాసిన పొడవుతో గుణించి, దగ్గరలోని 5 రూపాయలకు సరిచేస్తారు.

ఈ సరిచేయడం దగ్గరే సభల్లో సగం గొడవ పుడుతుంది. లెక్కలో 72 రూపాయల 40 పైసలు వస్తే బోర్డు మీద 70 పడుతుంది, 72 రూపాయల 60 పైసలు వస్తే 75 పడుతుంది. ఒక ప్లాజాలో ఆ ఏడు ఒక్క రూపాయి పెరగదు, పక్క ప్లాజాలో ఒకేసారి 5 రూపాయలు పెరుగుతుంది. "వాళ్లకు పెంచలేదు, మాకే ఎందుకు పెంచారు" అని మేనేజర్ గల్లా పట్టుకుంటే ఆయన దగ్గర జవాబు ఉండదు. ఆయనకు వచ్చింది రేట్ల కాగితం మాత్రమే.

కాబట్టి మార్చి చివర్లో పత్రికల్లో వచ్చే ప్రకటన అభ్యంతరాలు పిలిచే ప్రకటన కాదు. అయిపోయిన లెక్కను తెలియజేసే ప్రకటన. ప్రైవేటు కంపెనీ కట్టి వసూలు చేసుకునే రోడ్డయితే ఇంకో ముడి ఉంది. ఈ లెక్క ఒప్పందంలో భాగం. పెంపు ఆపితే కంపెనీకి నష్టపరిహారం ప్రభుత్వమే కట్టాలి. ఆ మాట ఏ స్థానిక అధికారీ ఇవ్వలేడు.

ఇంతకీ ఏప్రిల్ 1 పెంపు ఎప్పుడైనా ఆగిందా అంటే, ఆగింది. 2024లో. లోక్‌సభ ఎన్నికలు నడుస్తున్నాయని వాయిదా వేసి, పోలింగ్ అయిపోయాక జూన్ 3 నుంచి అమలు చేశారు. ఏ ఊరి సభా ఆపలేదు, ఎన్నికల కోడ్ రెండు నెలలు ఆపింది.

కరెంటు బిల్లుతో పోల్చి చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఉత్తర తెలంగాణ కరెంటు పంపిణీ కంపెనీ (డిస్కమ్) ఆఫీసు హనుమకొండలోనే ఉంది. అది చార్జీలు మార్చాలంటే రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలికి దరఖాస్తు పెట్టుకోవాలి, ఆ దరఖాస్తును ప్రచురించాలి, జనం అభ్యంతరాలు పంపాలి, మండలి వాటిని పరిశీలించాకే ఉత్తర్వు ఇవ్వాలి. 2003 విద్యుత్ చట్టంలో 64వ సెక్షన్ ఇది. ఉత్తర్వు తెరిస్తే అభ్యంతరం ఏమిటి, డిస్కమ్ ఏం చెప్పింది, మండలి ఏం తేల్చింది అని వరుసగా ఉంటుంది. అక్కడ కూడా అడిగినవన్నీ దొరకవు, కానీ కాదంటే ఎందుకు కాదో రాయాలి. టోల్‌కు అలాంటి మండలి లేదు. 1956 జాతీయ రహదారుల చట్టం 7వ సెక్షన్ కింద కేంద్రం గెజిట్‌లో నోటిఫై చేస్తే చాలు. ఇది మారాలంటే చట్టమో నిబంధనో మారాలి. దాని గురించి అడగాల్సింది ఎంపీని. ప్లాజా మేనేజర్ దగ్గర గొంతు చించుకుని లాభం లేదు.

మరి ఎక్కడ వింటారు? రోడ్డు పడకముందు. వరంగల్ చుట్టుపక్కల వాళ్లకు ఇది ఇప్పటి ముచ్చట. ఎల్కతుర్తి, హుజూరాబాద్ మీదుగా కరీంనగర్ రోడ్డును నాలుగు వరుసలు చేసే పని చేపట్టారు, మంచిర్యాల నుంచి పరకాల వైపుగా, పాత రోడ్డుతో సంబంధం లేకుండా కొత్తగా వేసే గ్రీన్‌ఫీల్డ్ రోడ్డు ఉంది. ఈ రెండింటికీ వినే పద్ధతి ఒకటి కాదు.

కొత్త జాతీయ రహదారికి పర్యావరణ అనుమతి కావాలి, దానికి 2006 సెప్టెంబర్ 14 నాటి నోటిఫికేషన్ ప్రకారం బహిరంగ విచారణ జరగాలి. కాలుష్య నియంత్రణ మండలి నిర్వహిస్తుంది, కలెక్టర్ గానీ అదనపు కలెక్టర్ స్థాయి అధికారి గానీ అధ్యక్షత వహిస్తారు. 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి, అందులో ఒకటి తెలుగు పత్రిక అయి ఉండాలి. మొత్తం వీడియో తీయాలి. చివర్లో మినిట్స్, అంటే సభలో ఎవరేం అన్నారో రాసిన కాగితం, స్థానిక భాషలో చదివి వినిపించాలి. పాత రోడ్డు విస్తరణ అయితే 100 కిలోమీటర్లు దాటి, అదనంగా తీసుకునే వెడల్పు ఒక హద్దు దాటితేనే ఈ అనుమతి అవసరం. కరీంనగర్–వరంగల్ ముక్క 70 కిలోమీటర్లకు లోపే కాబట్టి ఆ దారి మూసుకుపోయినట్టే. అక్కడ మిగిలేది భూసేకరణ అభ్యంతరం ఒక్కటే. జాతీయ రహదారుల చట్టం 3ఏ సెక్షన్ కింద భూసేకరణ నోటిఫికేషన్ వచ్చిన 21 రోజుల్లోపు, 3సీ సెక్షన్ కింద, భూసేకరణ అధికారికి రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆయన మిమ్మల్ని పిలిచి వినాలి. కానీ ఆ వినడం భూమి వాడకం వరకే. టోల్ సంగతి ఎత్తితే "ఇది దీని పరిధి కాదు" అని ఒక్క వాక్యం రాసి పక్కన పెడతారు.

బహిరంగ విచారణలో జరిగే పెద్ద తప్పు బహిష్కరణ. కుర్చీలు విసిరి, టెంటు కూల్చి, విచారణ ఆగిందని సంతోషపడతారు. ఆ నోటిఫికేషన్‌లో కోరం, అంటే కనీసం ఇంతమంది ఉండాలన్న షరతు, అనేదే లేదు. పదిమంది వచ్చినా విచారణ జరిగినట్టే. పైగా స్థానికులు స్వేచ్ఛగా మాట్లాడే పరిస్థితి లేదని నివేదిక పోతే, విచారణ లేకుండానే ముందుకు పోవచ్చని అందులోనే రాసి ఉంది. అరిచి వెళ్లిపోయినవాడి మాట రికార్డులో ఉండదు, కూర్చుని నాలుగు వాక్యాలు రాసిచ్చినవాడి మాట ఉంటుంది.

రెండో తప్పు మాట తీరులో ఉంది. మినిట్స్ కాగితం ఎలా తయారవుతుందో ఊహించుకోండి. ఎడమ పక్క ప్రజలు అడిగింది, కుడి పక్క ప్రాజెక్టు వాళ్ల జవాబు. "మా ఊరికి సౌకర్యం కల్పించాలి" అంటే కుడి పక్కన "పరిశీలిస్తాం" అని పడుతుంది. ఆ ముచ్చట అక్కడితో సరి. అదే "ఫలానా కిలోమీటరు రాయి దగ్గర బండ్లబాట రోడ్డును దాటుతుంది, దాని అవతల మా ఊరి పొలం ఇన్ని ఎకరాలు, ఉదయం 6 నుంచి 10 దాకా ఇన్ని ట్రాక్టర్లు దాటుతున్నాయి, ఇక్కడ 5.5 మీటర్ల ఎత్తు అండర్‌పాస్ కావాలి" అంటే, కుడి పక్కన అవునో కాదో రాయాలి. కాదంటే కారణం రాయాలి.

ఈ ఎత్తు సంగతి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఊళ్లు మోసపోయేది ఇక్కడే. అండర్‌పాస్ ఇస్తామన్నారంటే అన్నీ ఒకటే అనుకుంటారు. నాలుగు వరుసల రోడ్ల ప్రమాణాల్లో మూడు రకాలున్నాయి. పెద్ద బండ్లది 5.5 మీటర్ల ఎత్తు. తేలిక బండ్లది 12 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల ఎత్తు. చిన్న బండ్లది 7 మీటర్ల వెడల్పు, అదే 4 మీటర్ల ఎత్తు. కాగితం మీద 4 మీటర్లు చాలనిపిస్తుంది. గడ్డిమోపులు ఎత్తిన ట్రాలీ, ఎనుమాముల మార్కెట్‌కు పత్తి వేసుకుని పోయే లారీ, బ్లేడు తగిలించుకున్న వరికోత మిషన్ దాంట్లోంచి పోవాలి. పైగా అడుగున కాంక్రీటు మీద తర్వాత తారు ఒక పొర వేస్తారు, వానకు మట్టి పేరుకుంటుంది, 4 మీటర్లు కాస్తా తగ్గుతుంది. నీళ్లు పోయే కాలువ మట్టం అండర్‌పాస్ అడుగుకంటే పైన ఉంటే జూలై నుంచి సెప్టెంబర్ దాకా అది చెరువే. అప్పుడు ట్రాక్టర్లు అడ్డదారిన హైవే ఎక్కుతాయి, అక్కడ ప్రమాదాలు మొదలవుతాయి. అండర్‌పాస్ అడిగేటప్పుడు రకం, ఎత్తు, నీళ్లు ఎటు పోతాయి, ఈ మూడూ కలిపి అడగండి. రోడ్డు పూర్తయ్యాక వీటిలో ఏదీ మారదు.

ప్లాజా చోటు కూడా అంతే. నిబంధనల ప్రకారం మున్సిపల్ లేదా పట్టణ హద్దుకు 10 కిలోమీటర్లు దాటి పెట్టాలి. లోపల పెడితే కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి, అప్పుడు కూడా మామూలుగా 5 కిలోమీటర్ల లోపల పెట్టకూడదు. ఒకే రోడ్డు మీద ఒకే దిశలో రెండు ప్లాజాల మధ్య 60 కిలోమీటర్లు ఉండాలి. దీనికీ కారణాలు రాసి మినహాయించుకోవచ్చు. "రాతపూర్వక కారణాలు" అన్న మాట మీకు పట్టు. సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో ఆ కారణాల కాగితం నకలు అడగండి, 30 రోజుల్లో జవాబు రావాలి. కాగితం లేదని జవాబొస్తే ఆ జవాబే మీ కేసు.

ఇంకో మెలిక. నిబంధన 9లో స్థానికుల నెలవారీ పాస్ ఉంది. ప్లాజాకు 20 కిలోమీటర్ల లోపు నివాసం, సొంత వాడకం బండి అయితే చాలు. మూల సంవత్సరంలో 150 రూపాయలు, 2024-25లో 340, 2025-26లో 350. అదే నిబంధనలో కింద ఇంకో వాక్యం ఉంది: సర్వీసు రోడ్డో ప్రత్యామ్నాయ రోడ్డో అందుబాటులో ఉంటే ఈ పాస్ ఇవ్వకూడదు. సభలో సర్వీసు రోడ్డు కోసం పట్టుబట్టి సాధించుకున్న ఊరికి, రేపు పాస్ దగ్గర ఆ వాక్యం చూపించే వీలుంది. సర్వీసు రోడ్డు అడగొద్దని నేననను. అది ప్రాణాలు కాపాడే రోడ్డు. కానీ "ఊరి హద్దు దాకే ఉన్న సర్వీసు రోడ్డు ప్లాజాకు ప్రత్యామ్నాయం కాదు, పాస్ కొనసాగించాలి" అని అదే అర్జీలో ఒక వాక్యం కలపండి.

పాస్ తీసుకునేటప్పుడు ఆర్సీ, చిరునామా రుజువు, బండికి పనిచేసే ఫాస్టాగ్ ఉండాలి. పసుపు నంబర్‌ప్లేటుకు ఇవ్వరు. ఇది క్యాలెండర్ నెల పాస్. 20వ తారీఖున కొంటే నెలాఖరుకే పోతుంది, కాబట్టి 1వ తారీఖునే కొనండి. ఇది ఆ ఒక్క ప్లాజాకే చెల్లుతుంది.

సరుకు బండ్లకు వేరే రాయితీ ఉంది: ప్లాజా ఉన్న జిల్లాలో రిజిస్టర్ అయి, నేషనల్ పర్మిట్ లేని బండికి సగం ఫీజు. జిల్లాల విభజన దీన్ని గందరగోళం చేసింది. జనగామ, హనుమకొండ మధ్య ఉన్న కొమళ్ల ప్లాజా జనగామ జిల్లాలో ఉంది. 2016 అక్టోబర్ ముందు జనగామ, హనుమకొండ, నర్సంపేట అన్నీ ఒకే వరంగల్ జిల్లా, అన్నిటికీ ఒకే రిజిస్ట్రేషన్ కోడ్: 2014లో రాష్ట్రం విడిపోయేదాకా ఏపీ 36, తర్వాత టీఎస్ 03. ఇప్పుడు జనగామది 27, హనుమకొండది 03. హనుమకొండలో రిజిస్టరైన డీసీఎంకు కొమళ్లలో జిల్లా రాయితీ దొరకదు, రోజూ పోయేది అదే రోడ్డు మీద అయినా. సమావేశంలో ఊరివాళ్లు లేవనెత్తాల్సిన అసలు విషయం నా దృష్టిలో ఇది. విభజనకు ముందటి జిల్లాను లెక్కలోకి తీసుకోవాలని కలెక్టర్ ద్వారా, ఎంపీ ద్వారా కేంద్ర మంత్రిత్వ శాఖకు ప్రతిపాదన పోవాలి. ఇది ఏ కంపెనీ ఒప్పందాన్నీ పెద్దగా కదిలించదు, కాబట్టి అయ్యే అవకాశం ఉన్న కోరిక.

సభల్లో తరచూ వినిపించే రెండు మాటలు మానేయండి, అవి అన్నాక మిగతా మాట కూడా తేలికైపోతుంది. ఒకటి, "20 కిలోమీటర్లు ఫ్రీ". 2024 సెప్టెంబర్‌లో వచ్చిన సవరణ ఉపగ్రహ పద్ధతిలో టోల్ కట్టే పరికరం ఉన్న బండ్లకు, మామూలు ఫాస్టాగ్‌కు కాదు. రెండు, "వంద మీటర్ల క్యూ దాటితే టోల్ కట్టక్కర్లేదు". 2021లో అలాంటి ఆదేశం ఉన్న మాట నిజమే, కానీ 2024లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. వాట్సాప్‌లో మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

రోజూ కారులో తిరిగేవాళ్లకు 2025 ఆగస్టు 15న వచ్చిన వార్షిక పాస్ కూడా ఉంది. మొదలైనప్పుడు ధర 3,000 రూపాయలు, 200 సార్లు లేదా ఒక ఏడాది, ఏది ముందైతే అది. ఇది జాతీయ రహదారులకే. రాజీవ్ రహదారి మీద దుద్దెడ, రేణికుంట, బసంత్‌నగర్ ప్లాజాల్లో చెల్లదు, అది రాష్ట్ర రహదారి. అక్కడి ఫిర్యాదులు కూడా రాష్ట్ర ప్రభుత్వానికే పోవాలి. జాతీయ రహదారుల అధికారికి అర్జీ ఇచ్చి మూడు నెలలు ఎదురుచూసేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు.

రోడ్డు పాడైపోయి కూడా టోల్ తీసుకుంటున్నారంటే మాత్రం దారి వేరు, దానికి బలం ఉంది. కేరళలో త్రిస్సూర్ జిల్లా పాలియెక్కర ప్లాజా దగ్గర, పనులు సగంలో ఉండి ట్రాఫిక్ నరకమైందని 2025 ఆగస్టు 6న హైకోర్టు నాలుగు వారాలు వసూలు ఆపింది. సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. వసూళ్లు మళ్లీ మొదలైంది అక్టోబర్‌లోనే. అక్కడ వాదన "పెంపు ఎక్కువ" అని కాదు, "డబ్బు తీసుకున్న సేవ ఇవ్వడం లేదు" అని. మీ సభలో ఈ రెంటినీ కలపకండి. గుంత ఫోటో తీస్తే పక్కన కిలోమీటరు రాయి కనిపించాలి, తేదీ ఉండాలి. జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ రాసుకోండి. అదే చోటు పదిహేను రోజుల తర్వాత మళ్లీ ఫోటో తీయండి. ఒక్క ఫోటోతో అది ఆ రోజు గుంత అని తప్ప ఇంకేమీ రుజువు కాదు.

ఇక మీ సమావేశానికి. పోయేముందు జాతీయ రహదారుల సంస్థ టోల్ సమాచార వెబ్‌సైట్‌లో మీ ప్లాజా పేజీ తెరిచి ప్రింటు తీసుకోండి. అందులో రేట్లు, రాయితీలు, ప్రాజెక్టు పొడవు, పెట్టుబడి, వసూలు మొదలైన తేదీ ఉంటాయి. ప్లాజా బోర్డు మీద ఉన్న రేటుతో, పొడవుతో సరిపోల్చండి. పొడవులో తేడా కనిపిస్తే అది నిజమైన అభ్యంతరం, ఎందుకంటే లెక్కలో మీరు ప్రశ్నించగలిగే అంకె అదొక్కటే. మాట్లాడేవాళ్లు ముగ్గురు చాలు, ఒక్కొక్కరికి ఒక్క విషయం: పాస్, జిల్లా రాయితీ, పాడైన చోటు. వచ్చిన అధికారికి దేని మీద సంతకం పెట్టే అధికారం ఉందో మొదటే అడగండి. లేదంటే ఎవరికి పంపుతారో మినిట్స్‌లో రాయించండి.

మీడియన్ (రోడ్డు మధ్య డివైడర్) మూయడం, తెరవడం, లైట్లు, స్పీడ్ బ్రేకర్ లాంటివి ప్లాజా సభలో అడిగి లాభం లేదు, కలెక్టర్ అధ్యక్షుడిగా ఉండే జిల్లా రోడ్డు భద్రత కమిటీకి ఇవ్వండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో ఇస్తే రసీదు నంబర్ వస్తుంది. ఎంపీ అధ్యక్షత వహించే దిశ సమావేశంలో కేంద్ర పనులన్నీ సమీక్షకు వస్తాయి. మీరు లోపలికి పోలేరు గానీ, ఎజెండా తయారయ్యే ముందు ఎంపీ ఆఫీసుకు ఒక పేజీ అందితే ప్రశ్న అక్కడ లేస్తుంది. ఒక పేజీయే. పది పేజీల అర్జీ ఎవరూ చదవరు.

హాజరు పట్టీలో సంతకం పెట్టేటప్పుడు పై వరుస చదవండి. "హాజరైనవారు" అని ఉంటే పెట్టండి. "పై విషయాలకు సమ్మతించినవారు" అని ఉంటే పేరు పక్కన "అభ్యంతరాలు రాతపూర్వకంగా ఇచ్చాను" అని రాసి అప్పుడు పెట్టండి. మీ అర్జీ రెండు ప్రతులు తీసుకుపోండి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి.